సముద్రానికి కైఫీయతు లేదు

విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి అనే తీరగ్రామం ఉంది. అక్కడి గుట్ట మీద 1847లో దొరతనంవారు ఒక దీపస్తంభం కట్టించారు. కట్టించింది ఊరి కోసం కాదు. తీరానికి ఆరేడు మైళ్ళ దూరాన సముద్రంలో ఉన్న రాళ్ళ కోసం. భీమునిపట్నం రేవుకు వచ్చే ఓడలు చీకట్లో ఆ రాళ్ళ మీదికి పోకూడదని. నౌకాపటాల మీద ఆ రాళ్ళకు పడిన పేరు శాంతపిల్లి రాళ్ళు. దీపస్తంభానికీ అదే పేరు, నేటి జాబితాలలో సైతం. చింత పోయి శాంతం వచ్చిందంటే సంతోషమే. పల్లి పోయి పిల్లి ఎలా వచ్చిందో ఆ పటం గీసిన దొరకే తెలియాలి.

నవ్వుకుని వదిలేయవలసిన సంగతే అయినా నేను వదలదలచుకోలేదు. ఆ పేరు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఓడ మీది మనిషి వేలు చూపి అడిగి ఉండాలి, పడవలోని మనిషి చెప్పి ఉండాలి, అడిగినవాడి చెవికి పట్టినంత కాగితానికి ఎక్కి ఉండాలి. చెప్పినవాడి పేరు పటం మీద ఎక్కడా లేదు. అంతకన్నా ముఖ్యం, ఆ రాళ్ళను అతడు తనవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏమనేవాడో అది కూడా లేదు. ఒడ్డున ఉన్న ఊరి పేరును తెచ్చి నడిసముద్రంలోని రాళ్ళకు తగిలించారు. రోజూ ఆ రాళ్ళ మధ్య వల వేసేవాడికి వాటిని పిలుచుకోవడానికి ఒడ్డున ఉన్న ఊరిపేరు సరిపోతుందా? సరిపోదు. పొలానికి పొలానికీ పేరు పెట్టుకున్న జాతి మనది. సముద్రంలో పనిచేసేవాడు అంతకన్నా తక్కువ పేర్లతో ఎలా బతుకుతాడు?

మన తూర్పు సముద్రాన్ని ఎవరు కొలిచారు, దాని పటం ఎవరు గీశారు అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మన మధ్య రెండు రకాల రాతలు కనిపిస్తాయి. ఒకటి, అంతా మనవాళ్ళకు వేల ఏళ్ళ కిందటే తెలుసు అనే రాత. రెండవది, దొరలు రాకపోతే మనకు మన తీరం ఆకారమే తెలిసేది కాదు అనే రాత. రెండింటికీ నేను విరోధిని. ఈ రెండు రాతలూ పైకి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గాని, పడవలోని ఆ మనిషిని పట్టించుకోకపోవడంలో అన్నదమ్ములు.

మొదటివారి సరంజామా మనందరికీ కంఠస్థం. శాతవాహనుల నాణెం మీద రెండు తెరచాపకొయ్యల ఓడ. 1244 నాటి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం. రఘువంశం ఆరవ సర్గలో కళింగరాజును కాళిదాసు మహేంద్రగిరికీ మహాసముద్రానికీ ప్రభువుగా చెప్పడం. క్రీస్తుశకం రెండవ శతాబ్దిలో టాలెమీ రాసిన భూగోళంలో, సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటు మన కోస్తాలోనే ఎక్కడో ఉందని చెప్పడం. అన్నీ నిజాలే, అన్నీ విలువైనవే. కాని నాణెం మీద ఓడ బొమ్మ ఉంటే సముద్రపటం ఉన్నట్టు కాదు. మోటుపల్లి శాసనం ఓడ పగిలిన వర్తకుడి సరుకును రాజు స్వాధీనం చేసుకోడని చెబుతుంది; ఓడ ఏ రాయికి తగిలి పగిలిందో చెప్పదు. కాళిదాసు శ్లోకం పట్టుకుని ఏ నావికుడూ రేవు చేరలేదు.

టాలెమీ సంగతి వేరు. ఆయన పటంలో మన దక్షిణాపథం తూర్పు పడమరలుగా సాగి చపాతీలాగా అయిపోయింది, సింహళమేమో ఏనుగంత పెరిగింది. అలెగ్జాండ్రియాలో కూర్చుని వర్తకులూ నావికులూ చెప్పిన ప్రయాణ దినాలను డిగ్రీలుగా మార్చుకుంటే అంతే వస్తుంది. అయినా ఆ ఓడలు తిరిగే చోటు అన్న మాట నిజంగా సముద్రం తెలిసినవాడి నోట వచ్చిన మాట. ఎక్కడ తీరం విడిచిపెట్టాలి, ఏ నెలలో విడిచిపెట్టాలి అనేది ఎవరో ఒక సరంగుకు తెలుసు. అది చేతులు మారి మారి ఒక యవనుడి పుస్తకంలో మిగిలింది. మన పుస్తకంలో మిగలలేదు. ఇది గర్వపడవలసిన విషయమో సిగ్గుపడవలసిన విషయమో మొదటి పక్షం వారే ఆలోచించుకోవాలి.

ఇంకొక అలవాటు కూడా ఉంది. కచ్ఛీ నావికుల దగ్గర 17వ శతాబ్ది నాటి పోతులు దొరికాయి, వాటిలో తీరరేఖలు గీసి ఉన్నాయి. లక్షదీవులవారి దగ్గర రహమానీలు అనే నౌకాశాస్త్ర గ్రంథాలు ఉన్నాయి. వాటిని తెచ్చి ‘భారతీయ నౌకావిజ్ఞానం’ అనే గంపలో వేసి, ఆ గంపను మన నెత్తిన పెట్టుకోవడం. పక్కింటి పెళ్ళికి మన గుమ్మానికి తోరణం కట్టుకున్నట్టు. వారి దగ్గర ఉన్నాయి, ఎందుకంటే వారి సరంగులు రాసుకున్నారు, వారి ఊళ్ళవాళ్ళు దాచుకున్నారు.

ఇక రెండవ పక్షం. వీరి రాతలో నిజం ఎక్కువ, అందుకే ప్రమాదమూ ఎక్కువ.

మద్రాసులో కంపెనీ గుమస్తాగా జీవితం మొదలుపెట్టిన అలెగ్జాండర్ డాల్‌రింపుల్ 1779లో కంపెనీకి నౌకాపటాల అధికారి అయ్యాడు, 1795లో బ్రిటిష్ నౌకాదళానికే తొలి పటాల అధికారి అయ్యాడు. ఆయన ప్రోత్సాహంతో ఈ తీరానికి వచ్చినవాడు మైకేల్ టాపింగ్. 1786లో మచిలీపట్నం నుంచి కలకత్తా దాకా తీరం వెంబడి ప్రయాణం చేసి, దారిలో చోట్ల స్థానాలను నక్షత్రాలతో సూర్యుడితో నిర్ణయించాడు. ఆ దారి మన ఉత్తరాంధ్ర మీదుగానే పోతుంది. 1791లో పరంగిపేట దగ్గర సముద్రపు ఇసుక మీదనే ఒక ఆధారరేఖను కొలిచి, ఆ లెక్కను లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించుకున్నాడు. కోరంగి రేవునూ గోదావరి ముఖాన్నీ పరిశీలించాడు. 1796 జనవరిలో మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. అటువంటి మనిషిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. మండుటెండలో ఇసుకలో గొలుసు పరిచి కొలిచినవాడిని ఏ దేశంవాడైనా గౌరవించవలసిందే.

సముద్రపటం ఎలా తయారవుతుందో కొంచెం చెప్పుకుంటే నా తగాదా ఎక్కడో తెలుస్తుంది. ముందు ఒడ్డు మీద ఒక సరళరేఖను అంగుళాలతో సహా కొలుస్తారు. దాని రెండు కొసల నుంచీ దూరాన కనిపించే కొండకో గోపురానికో కోణాలు తీస్తారు. త్రిభుజం పూర్తయితే ఆ కొండ ఎక్కడుందో తేలుతుంది. అలా కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ పోతారు. ఆ తరువాత పడవలో సముద్రంలోకి వెళ్ళి, ఒడ్డున తేలిన మూడు గురుతుల మధ్య కోణాలు తీసి పడవ ఉన్న చోటు నిర్ణయిస్తారు. అక్కడ తాడుకు సీసపు గుండు కట్టి దింపుతారు. గుండు అడుగున కొవ్వు పూసి ఉంటుంది. నేలను తాకి పైకి వచ్చేటప్పుడు దానికి బురదో ఇసుకో గుల్లపెంకో అంటుకుని వస్తుంది. లోతు ఎంతో, అడుగు ఏమిటో రెండూ పటం మీద ఆ చోట రాస్తారు. మళ్ళీ కొంచెం ముందుకు పోయి మళ్ళీ గుండు. వేలసార్లు. పటం మీద చీమల బారులాగా కనిపించే ఆ అంకెలన్నీ అలా దింపిన తాళ్ళే.

ఆ లోతు కొలత పేరు ఫాదమ్. ఆ మాటకు మూలార్థం చాచిన రెండు చేతుల మధ్య దూరం. అంటే మన బార. ఆరడుగులు. తాడును చేతులు చాచి బారలుగా లెక్కపెట్టేవాడు ఇంగ్లండులోనూ ఉన్నాడు, కళింగపట్నంలోనూ ఉన్నాడు. మనవాడి బార మనవాడి నోట్లోనే ఉండిపోయింది, వారి బార పటానికి ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. ఇప్పుడు రెండూ పోయి మీటర్లు వచ్చాయి, అది వేరే కథ.

ఇక ఆ పడవ ఎవరిది? ఈ తీరంలో ఆ రోజుల్లో ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. భీమిలి కాని, కళింగపట్నం కాని, బారువ కాని, దూరాన లంగరు వేసుకుని నిలబడడమే. నడుమ మూడు వరసల కెరటాలు. వాటిని దాటడం ఓడ మీది గట్టి పడవలకు చేతకాక, మేకులు లేకుండా పీచుతాడుతో పలకలు కుట్టిన మన పడవల మీదనే మనుషులూ సరుకులూ ఒడ్డుకు చేరేవి. ఉత్తరాలు తెప్పల మీద పోయేవి. ఏ కెరటం తరువాత తెడ్డు వేయాలో, ఏ నెలలో ప్రవాహం ఉత్తరానికి లాగుతుందో, ఏ నెలలో దక్షిణానికి తిరుగుతుందో తెలిసినవాడు ఒడ్డు మీద ఉన్నాడు. అతడు ఓడకు ఎదురెళ్ళి దారి చూపాడు. పటం అతడి కళ్ళ మీదుగా గీసినది. పటం మూలన మాత్రం సర్వే చేసిన అధికారి పేరు, ఓడ పేరు, సంవత్సరం ఉంటాయి.

ఈ కొలతలన్నీ శాస్త్రంపై ప్రేమతోనే జరిగాయనుకునే అమాయకులు ఉంటే వారికి రెండు సంవత్సరాలు గుర్తు చేస్తాను. 1758లో విజయనగర ప్రభువు ఆనందగజపతి పిలుపు మీద కర్నల్ ఫోర్డు బెంగాలు నుంచి సైన్యంతో దిగినది విశాఖ తీరాన. ఆ డిసెంబరులోనే చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. సర్కారు జిల్లాల రాత మారింది సముద్రం మీద నుంచి దిగిన కాళ్ళతో. రెండవది 1794. ఆ మే నెలలో టాపింగ్ మద్రాసులో సర్వే బడి తెరిచాడు, ఎనిమిదిమంది పిల్లలతో. అనాథాశ్రమం నుంచి తెచ్చిన యూరోపియన్ సంతతి పిల్లలు వారు. నేటి గిండీ ఇంజనీరింగు కళాశాల ఆ బడికి వారసురాలు. అదే సంవత్సరం జూలై 10న పద్మనాభం దగ్గర అదే కంపెనీ చేతిలో చిన్న విజయరామరాజు హతుడయ్యాడు. ఒక చేత గొలుసు, ఒక చేత తుపాకి. ఒకటి ఇంకొకదానికి కారణమని అనను. రెండు చేతులూ ఒకే మనిషివని మాత్రం అంటాను.

ఆ మనిషి మనతో తెలుగులో మాట్లాడిన సందర్భం ఒకటి ఉంది. 1792లో మద్రాసు నుంగంబాకంలో టాపింగ్ రూపకల్పనతో నక్షత్రశాల కట్టి, పరికరం నిలపడానికి పదిహేను అడుగుల నల్లరాతి స్తంభం పాతారు. ఆసియాలో గణితశాస్త్రాన్ని తొలిసారిగా నాటినది బ్రిటిష్ ఔదార్యమేనని వెయ్యేళ్ళ తరువాతివారికి కూడా తెలియాలని దాని మీద చెక్కించారు. లాటిన్ పక్కన తమిళం, తెలుగు కూడా. ఆ స్తంభం ఇప్పటికీ చెన్నై వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. ఆర్యభటుడు, భాస్కరుడు పుట్టిన ఖండంలో గణితం 1792లో నాటారట! ఆ మాట పక్కన పెట్టండి. నాకు ఒళ్ళు మండేది వేరేచోట. తమ ఔదార్యం చాటుకోవడానికి తెలుగు లిపి దొరికింది, చింతపల్లిని చింతపల్లి అని రాసుకోవడానికి దొరకలేదు.

ఆ నక్షత్రశాల వల్ల నౌకలకు ఎంతో మేలు జరిగింది, కాదనను. దేశమంతటి రేఖాంశాలకు అదే మూలం. ఆ మూలంలోనే తప్పు ఉండిపోయిందని మన కృతజ్ఞతాపరులు చెప్పరు. సర్వేవారు మద్రాసు రేఖాంశాన్ని 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకండ్లుగా పట్టుకుని పటాలు గీశారు. తరువాత టెలిగ్రాఫు సాయంతో కొలిస్తే దాదాపు రెండున్నర నిమిషాలు ఎక్కువని తేలింది. మన అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్లకు పైమాటే. అంటే కాగితం మీద దేశం మొత్తం తూర్పుకు జరిగి, మన కళింగపట్నం సముద్రంలో నాలుగు కిలోమీటర్లు ఈది నిలబడింది. ఊళ్ళ మధ్య దూరాలు మారలేదు కనుక ఒడ్డు చూస్తూ పోయేవాడికి నష్టం లేదు. కాలమాపకం పట్టుకుని నడిసముద్రం నుంచి వచ్చేవాడికే చిక్కు. చింతపల్లి రాళ్ళ మధ్య వల వేసేవాడికి ఆ తప్పు ఎన్నడూ అంటలేదు. అతడి లెక్కలో మద్రాసూ లేదు, గ్రీనిచ్చీ లేదు. ఒక కొండ వెనుక ఇంకొక కొండ కలిసినప్పుడు ఒక గీత, అటు పక్కన గుడో తాళ్ళతోపో కలిసినప్పుడు ఇంకొక గీత. రెండు గీతలూ కలిసిన చోట తన పడవ. దూరం పోయేకొద్దీ పొట్టి కొండలు ముందు మునుగుతాయి, పొడుగు కొండలు తరువాత. అన్నిటికన్నా చివరకు మిగిలేది ఉత్తరాన మహేంద్రగిరి, 1501 మీటర్ల ఎత్తు. సర్వేయరు కోణమానినితో చేసిన పనికీ ఇతడు కళ్ళతో చేసిన పనికీ మూలసూత్రం ఒకటే. అతడు రాశాడు, ఇతడు రాయలేదు.

ఎందుకు రాయలేదు? ఇక్కడికి వచ్చేసరికి నా పోరు దొరలతో అయిపోయి మనతో మొదలవుతుంది.

అదే కాలంలో అదే కంపెనీలో కాలిన్ మెకంజీ ఉన్నాడు. ఆయనా సర్వేయరే, 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన వెంట ఏలూరు నుంచి కావలి వెంకట బొర్రయ్య ఉన్నాడు, ఆయన తమ్ముళ్ళు ఉన్నారు. వారు ఊరూరా తిరిగి కరణాలను అడిగి, పూజారులను అడిగి, ముసలివారిని అడిగి, తెలుగులో రాసి పెట్టబట్టే ఈనాడు మనకు గ్రామ కైఫీయతులు ఉన్నాయి. ఏ చెరువు ఎవరు తవ్వించారో, ఏ పొలానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో, ఏ రాయి మీద ఏ శాసనం ఉందో వాటిలో ఉంది. దొర కోసమే రాసినా మన లిపిలో, మన మాటలో, చెప్పినవాడి యాస సగమైనా మిగిలేట్టు రాశారు. నేలకు కైఫీయతు ఉంది. సముద్రానికి లేదు. బొర్రయ్య వంటివాడు ఒక్కడు తెప్ప ఎక్కలేదు.

ఎక్కకపోవడానికి కారణం దొర కాదు. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రం చెప్పుకున్నది మనం. రాయడం వచ్చిన కులాలు ఇసుక దిబ్బకు ఇవతలే ఆగిపోయాయి. వాడబలిజలు, జాలరులు, పల్లీలు ఇసుక దిబ్బకు అవతల ఉన్నారు, వారి చేతికి పలక ఇచ్చినవాడు లేడు. మన ప్రబంధాలలో సముద్రవర్ణనకు కొదవ లేదు. తిమింగలాలున్నాయి, రత్నాలున్నాయి, బడబాగ్నీ ఉంది. ఒక్క లోతు లేదు. కవి సముద్రాన్ని వర్ణించడానికి సముద్రం దాకా పోవలసిన అవసరమే కలగలేదు. విజయనగరం కోట నుంచి సముద్రం ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఆస్థానంలో సంగీతం పెరిగింది, సాహిత్యం పెరిగింది, సంస్కృత కళాశాల వెలిసింది, శాసనాలు సేకరించారు. ఆ పూట ప్రయాణం చేసి రేవులో కూర్చుని ‘ఈ గాలికి మీరేమంటారు?’ అని అడిగిన పండితుడి రాత ఒక్కటైనా మనకు మిగల్లేదు.

అవకాశం లేక కాదు. మన ఉత్తరాంధ్రలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్నారు. వంశధార ఒడ్డున పుట్టినవారు. ఆయన ఆ నదికి ఎగువకు, కొండల మీదికి నడిచి సవరల మధ్య కూర్చుని వారి మాటలు నేర్చి, వ్యాకరణం రాసి, నిఘంటువు కట్టారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. లిపి లేని భాష అని, అడవి మనుషులని ఆయన అనుకోలేదు. ఆ నదే దిగువకు పోయి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దిగువకు నడిచిన గిడుగు మనకు ఏడీ? వ్యావహారికమే భాష అని ఆయన పేరు చెప్పుకుని ఏటా ఆగస్టు 29న సభలు చేస్తాము. ఆ వ్యావహారికంలో ఉప్పునీటి వ్యవహారం ఎంత ఉందో చూసుకోము.

జమీందార్లలో ఒక్కరి పేరు చెప్పకపోతే అన్యాయమవుతుంది. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వెళ్ళి నక్షత్రశాల అధికారి టేలరు దగ్గర ఖగోళం నేర్చుకుని, 1840లో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టుకున్నారు. యారాడ కొండ మీద ధ్వజస్తంభం నిలిపి, నియమిత సమయానికి జెండా దింపి జనానికి సరైన సమయం తెలిసేట్టు చేశారు. రేవులో ఉన్న ఓడలకు ఇది ఊరికే గడియారం సరిచూసుకోవడం కాదు. సమయం తప్పితే రేఖాంశం తప్పుతుంది, రేఖాంశం తప్పితే ఓడ రాయెక్కుతుంది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1892లో మరణించేవరకూ ఆ పని సాగించారు. తెలుగువాడికి శాస్త్రబుద్ధి లేదనేవారికి ఈ మామా అల్లుళ్ళు చాలు. అయితే వారి దృష్టీ ఆకాశం వైపే. కొండ మీది జెండాకూ కొండ కింది తెప్పకూ మధ్య మాటలు నడిచిన దాఖలా ఏదీ నా కంటపడలేదు.

‘పాతకాలపు జాలరి గురుతులు ఇప్పుడెందుకు, ఉపగ్రహాలు ఉన్నాయి గదా’ అనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం ఈ జిల్లాల బతుకులోనే ఉంది. ఇక్కడి తీరంలో తగిన జెట్టీలు లేక, చేపలు తగ్గి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వందలకొద్దీ గుజరాత్ వెరావల్‌కు కూలికి పోతున్నారు. 2018 చివరలో అలా పోయినవారిలో ఇరవైమందికి పైగా పాకిస్తాన్ గస్తీ దళానికి చిక్కారు. కంటికి కనిపించని జలసరిహద్దును దాటారన్నది నేరం. ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యేవరకు కరాచీ జైలులో ఉన్నారు. తన ఊరి ముందర కొండ వెనుక కొండను కలిపి అడుగు తేడా లేకుండా రాయి మీదికి పోగలిగినవాడు, కొండలే లేని పరాయి సముద్రంలో గుడ్డివాడైపోయాడు.

ఆ గుడ్డితనానికి జాలరి జ్ఞానం తక్కువ కావడం కారణం కాదు. ఆ జ్ఞానం అతడి తీరానికి కట్టుబడి ఉంది; ఒడ్డు మారితే పనికిరాదు. ఆ మాట ఒప్పుకోకుండా ‘మన మత్స్యకారుల సంప్రదాయ విజ్ఞానం మహత్తరం’ అని పొగిడేవారు కూడా అతడికి మేలు చేసినవారు కారు. పరాయి సముద్రానికి పటం కావాలి. పటం చదవడం రావాలి. మన దేశపు నౌకాపటాలు ఇంగ్లీషులో అచ్చవుతాయి, డెహ్రాడూన్‌లో, హిమాలయాల పాదాల దగ్గర. పటాల కార్యాలయం 1954 నుంచి అక్కడే ఉంది. సర్వే నౌక సంధాయక్ 2024 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరినది మన విశాఖలోనే. కొలిచే ఓడ మన గుమ్మంలో ఉంది, గీసే బల్ల కొండ కింద ఉంది, చదవవలసినవాడి భాష రెండింటిలోనూ లేదు. టాపింగు స్తంభం మీద తెలుగు చెక్కించిన దొరతనానికీ, మన ప్రభుత్వానికీ ఈ విషయంలో తేడా కనిపెట్టినవారు నాకు చెప్పండి.

రెండు పనులు, కాబట్టి. పటాన్ని తెలుగులోకి తేవడం ప్రభుత్వం చేయవలసినది. దానికి మనం అరవడం తప్ప చేయగలిగినది తక్కువ. తెలుగులోనే ఉన్నదాన్ని కాగితానికి ఎక్కించడం మాత్రం మనం చేయగలిగినది. దీనికి ఓడ అక్కరలేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ వృత్తిపదకోశం వెలువడడానికి ముందు ఊళ్ళు తిరిగి రైతులను అడిగిన దారి ఒకటి వేసి ఉంది. పదాల పట్టికతో ఆగకుండా చోట్ల పట్టిక కావాలి మనకు. చింతపల్లి, కోనాడ, కళింగపట్నం, భావనపాడు, బారువ. ప్రతి ఊరి ఎదుటా సముద్రంలో ఉన్న రాళ్ళ పేర్లు, మెట్టల పేర్లు, ఎన్ని బారల లోతు, అడుగున బురదా ఇసుకా, ఏ రెండు గురుతులు కలిస్తే ఆ చోటు. శాంతపిల్లి రాళ్ళను అక్కడి తాతలు ఏమనేవారో ముందు అడగండి. యాస దిద్దకండి, దిద్దితే మీరూ పిల్లిని తెచ్చినవారే అవుతారు.

తొందర ఎందుకంటే గురుతులే పోతున్నాయి. తాళ్ళతోపు నరికితే ఒక గీత పోయినట్టు. కొండను క్వారీ తిన్నాక రెండవ గీత. 2023 ఏప్రిల్‌లో మూలపేట రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే ఎదుటి నేలను తవ్వి లోతు చేస్తారు, అలల నడక మారుతుంది, ఇసుక ఒకచోట కోసుకుపోయి ఇంకొకచోట మేట వేస్తుంది. రేవు రాకూడదని నేను అనడం లేదు. రేవు రాకముందు అక్కడ ఏమి ఉండేదో తెలుగులో ఒక్క పుటైనా ఉండాలంటున్నాను. యంత్రపు పడవ మీద అంకెలు చూసి పోయే కుర్రవాడికి తాత చెప్పిన గురుతు అక్కరలేదు, అందుచేత తాత చెప్పడమూ మానేశాడు.

ఒక అభ్యంతరం మాత్రం నిజంగా బరువైనది. చేపలు పడే చోటు జాలరికి ఆస్తి. తండ్రి కొడుక్కి చెబుతాడు, పక్క పడవవాడికి చెప్పడు. దాన్ని మనం అడిగి రాసి నలుగురిలో పెడితే రేపు పెద్ద ట్రాలరు వచ్చి ఊడ్చుకుపోతుంది. మెకంజీ సేకరణకు కూడా ఈ మచ్చ ఉంది. కరణం చెప్పినదంతా చివరకు శిస్తు లెక్కకు పనికివచ్చింది. కనుక అడిగేవాడు ముందే చెప్పాలి, ఇది అచ్చవుతుందని. వల చించే రాయి పేరు రాద్దాం, పడవ ముంచే సుడి పేరు రాద్దాం, గాలుల పేర్లు, ప్రవాహాల పేర్లు, కొండలకు సముద్రం మీద నుంచి పెట్టుకున్న పేర్లు రాద్దాం. చేప పడే చోటు వారు చెప్పినా రాయవద్దు. చెప్పినవారి పేరు మాత్రం, వారు ఒప్పుకుంటే, పటం మూలన దొర పేరు ఉండే చోట రాయాలి.